అతుకులో సర్దేయండి

ఆ వీడియోలో పిల్ల నా ఎదురుగా ఉంటే కడిగి పారేసేదాన్ని. ఊలు ఏ లావుది కొనాలో చెబుతుంది, కొక్కెం సూది ఎలా పట్టుకోవాలో చెబుతుంది, మొదటి వరస గొలుసు పక్కన కూర్చుని నేర్పినట్టు నిదానంగా అల్లి చూపిస్తుంది. అడుగు ముక్క అయింది. పాదం మీదికి వచ్చే పై ముక్క అయింది. అక్కడిదాకా బంగారు తల్లి. ఆ తర్వాత, "ఇంకేముంది ఫ్రెండ్స్, రెండు ముక్కలూ కలిపి కుట్టేసుకోవడమే!" అని నవ్వుతుంది. నవ్వు పూర్తవకుండానే చెప్పుల జత తయారై ఆ పిల్ల అరచేతుల్లో కూర్చుంటుంది. మధ్యలో ఉన్న పనంతా ఏమైంది? ఎవరు చేశారు? వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. కుట్టడమన్నదే ఆ వీడియోలో లేదు.

మా అమ్మాయికి ఏడో నెల. హైదరాబాదులో వాళ్ళింట్లో చలువరాతి గచ్చు మీద కాలు పెట్టలేకపోతున్నానంటే, ఇంట్లో తొడుక్కోవడానికి మెత్తటి ఊలు చెప్పులు అల్లి పంపుతానని మాటిచ్చాను. ముక్కలు నాలుగూ బాగానే వచ్చాయి. కలపబోతే తెలిసింది అసలు సంగతి. అడుగు ముక్క అంచున ఉన్న కన్నాలకీ, పై ముక్క అంచున ఉన్న కన్నాలకీ లెక్క కుదరదు. మడమ దగ్గర మొదలుపెడితే వేళ్ళ దగ్గరికొచ్చేసరికి పై ముక్క మిగిలిపోయి జోలెలా వేలాడుతోంది. వేళ్ళ దగ్గర మొదలుపెడితే మడమ దగ్గర చాలడం లేదు. కుట్టాను, విప్పాను, మళ్ళీ కుట్టాను, మళ్ళీ విప్పాను. ఊలు పీచు లేచిపోయింది. రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగమంతా కాగితాలకి ట్యాగులు కట్టి రిటైరైన దాన్ని, రెండు ముక్కలు కలపలేకపోయానే అన్న ఉక్రోషంతో సూదిని సోఫా చేతికి గుచ్చి లేచిపోయాను.

అప్పుడు ఎదురింటి అరుగు మీంచి ఆవిడ అడిగినట్టే అనిపించింది. "ఏమ్మా ఆఫీసరమ్మా, కొస వదిలేవా?"

ఆ అరుగు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మలికిపురానికి ఆటోలో పోయేంత దూరంలో, కాలవ గట్టున మా ఊరు. మా వైపు ఆడవాళ్ళకి లేసు అల్లిక అమ్మ దగ్గర మాటలతో పాటే వచ్చేస్తుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద చేరి, మాటల్లో పడి, చేతుల వంక చూడకుండానే పువ్వులూ చదరాలూ అల్లేస్తారు. ఏజెంట్లు దారం ఇచ్చి ముక్కలు పట్టుకెళ్తారు. ఆ ముక్కల్ని కలిపి దుప్పటిగానో, బల్లగుడ్డగానో, చంటిపిల్లల గౌనుగానో చేసే పనిని అతుకు పని అంటారు. అది అందరూ చెయ్యరు. రాక కాదు, ఆ విసుగు భరించలేక. మా ఊళ్ళో ఆ పని ఆవిడది. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, చుట్టరికం మాత్రం ఏమీ లేదు.

ఆవిడ ఎక్కడ పుట్టారు, ఎవరిని చేసుకున్నారు, పిల్లలెందరు, ఇవన్నీ నేను చెప్పబోవడం లేదు. అవి సమాధి రోజున చర్చిలో, మా మాటలో గుళ్ళో, చదివారు, వాటిలో సగం తప్పులు. నేను చెప్పేది ఆవిడ కోపం గురించి. ఆవిడలో నాకు బాగా తెలిసింది అదే.

పొట్టి మనిషి. మెడలో గొలుసుకి పిన్నీసుల గుత్తి, జుట్టు ముడిలో సూది. ఆ సూది ముడిలో ఉందన్న సంగతి మాత్రం ఆవిడకి ఎప్పుడూ గుర్తుండేది కాదు. "నా సూది ఎవరు తీసేరు?" అని వీధంతా వినపడేలా ఒక తిట్టు తిట్టి, ఆ తర్వాత ముడి తడుముకునేవారు. దొరికాక కూడా తిట్టిన తిట్టు వెనక్కి తీసుకునేవారు కాదు. ఈసారి మీరు తియ్యకపోయినా రేపు తీస్తారు, ఉండనివ్వండి అన్నట్టు చూసేవారు.

ముక్కలు పట్టుకుని ఎవరొచ్చినా బాగున్నారా అని అడగరు. గుమ్మంలోనే ఆపి, "కొస వదిలేరా?" అంటారు. ముక్క అల్లడం అయ్యాక దారం జానెడు వదిలి తెంపితే, ఆ కొసతోనే దాన్ని పక్క ముక్కకి కుట్టుకోవచ్చు. ముడులుండవు, ఉబ్బులుండవు. ఆవిడ అడిగేది అంతే, జానెడు కొస. కానీ మా ఊరి ఆడవాళ్ళు అంగుళం వదలరు. దారం ఏజెంటుది. పని అయ్యాక చేతిలో మిగిలింది అల్లినవాళ్ళది. అలా మిగుల్చుకున్న దారంతో వాళ్ళు టీవీ మీదికి గుడ్డలూ, గుమ్మాలకి తోరణాలూ అల్లుకుంటారు. అందుకని ముడి పడిందో లేదో, దానికి ఆనించి కత్తిరించేస్తారు. ఇక ఆవిడ కొత్త దారం ఎక్కించి, ఆ ముడి ఊడకుండా ముందు దాన్ని బతికించుకుని, ఆ తర్వాత అతకాలి.

"జానెడండీ, జానెడు! మీ కొబ్బరితోట రాసిమ్మన్నానా?"

"ఈసారికి అతికేద్దురూ పిన్నిగారూ. ఎంతసేపండి మీకు?"

"ఎంతసేపా? కూర్చోండి. సూది ఇదిగో. ఎంతసేపో ఇద్దరం చూద్దాం."

ఎవరూ కూర్చునేవారు కాదు. సరిగ్గా అప్పుడే ఇంట్లో పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

కొస సంగతి అలా ఉంచండి. ఒకే దారం, ఒకే సూది, ఒకే నమూనా ఇచ్చినా రెండిళ్ళలో రెండు చదరాలు ఒక్కలా రావు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుని ఆవిడ జాతకం చెప్పేసేవారు. "ఇది సీరియల్ చూస్తూ అల్లింది, ఇక్కడ వరస తప్పింది చూడు. ఇది కోడలితో మాటలు మానేసిన రోజు అల్లింది, ఎలా బిగిసిపోయిందో!" తర్వాత తిడుతూ వాటిని తడిపేవారు, తిడుతూ పాత బాలీసు దిండు మీద పరిచి, చిన్నదాన్ని సాగదీసి, పెద్దదాన్ని లోపలికి నొక్కి, అంచుల పొడవునా గుండుసూదులు గుచ్చేవారు. వానాకాలం అవి రెండ్రోజులకి కూడా ఆరేవి కావు. ఆరాక అతకడం మొదలు. ఇటు రెండు కన్నాలు, అటు ఒకటి, మళ్ళీ ఇటు ఒకటి, అటు రెండు. ఎక్కడ కలిపారో కంటికి ఆనదు. చూసినవాళ్ళు, "ఎంత బాగా అల్లేరండీ!" అనేవారు. అల్లేరట! ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ ముక్కుపుటాలు ఎగిరేవి.

ఎవరేం తప్పు చేసినా ఆవిడ దగ్గరికొచ్చి చెప్పే మాట ఒకటే. అతుకులో సర్దేయండి. ముక్క చిన్నదైందా, అతుకులో సర్దేయండి. ఒక రేకు ఎక్కువైందా, అతుకులో సర్దేయండి. సరుకు తిరిగొస్తే మాత్రం ఏజెంటు అనేది, "అతుకు బాగోలేదంటండీ." అల్లిక బాగోలేదని ఏ ఒక్కరోజూ తిరిగి రాలేదు. తప్పులన్నీ ఈవిడ సూది మొనకే తగులుకునేవి. ఆవిడకి కోపం రాక ఏమొస్తుంది చెప్పండి?

ఒకసారి ఆ ఏజెంటే స్కూటరు మీద రెండు సంచులు తెచ్చి ఆవిడ అరుగు మీద దింపాడు. ఊలు చెప్పుల ముక్కలు. వాళ్ళ పద్ధతి ఎలా ఉండేదంటే, నమూనాకి ఉన్నది ఒకటే జత. రెండూ ఒక ఊరికే ఇస్తే రెండో ఊరికి చూసుకోవడానికి ఏమీ ఉండదని, కుడికాలి చెప్పు మా ఊరికీ, ఎడమకాలి చెప్పు కాలవ అవతలి ఊరికీ ఇచ్చాడు. మా ఊరంతా కూర్చుని కుడికాళ్ళు అల్లింది, ఆ ఊరంతా కూర్చుని ఎడమకాళ్ళు అల్లింది. మా వాళ్ళ చెయ్యి బిగువు, వాళ్ళ చెయ్యి వదులు. ఆవిడ ఆ రాత్రి ఒక జతా, ఇంకో కుడికాలిదీ కుట్టి చూసుకుని, మర్నాడు ఆ జత అలాగే తొడుక్కుని వీధిలోకి దిగిపోయారు. కుడికాలికి ఎక్కక మడమ బయటే ఉంది, ఎడమకాలికి ఆగక అడుగడుక్కీ జారిపోతోంది. దారం ఇవ్వడానికి వచ్చిన ఏజెంటు స్కూటరు తిప్పుకుంటుంటే ఆ నడకతోనే వెళ్ళి ముందు నిలబడ్డారు.

"ఈ కాలు మన ఊరు. ఈ కాలు కాలవ అవతల. చూసేరా? ఇలా నడవాలా మనిషి?"

ఆయన నవ్వు ఆపుకుని, "ఆయ్, కొంచెం తేడా వచ్చిందండి. అతుకులో సర్దేయండి పిన్నిగారూ" అన్నాడు.

ఆవిడ ఒంగి రెండూ విప్పి, ఎడమకాలిది పక్కన పెట్టి, చంకలో పెట్టుకొచ్చిన ఇంకో కుడికాలిది తీసి, రెండు కుడికాళ్ళూ ఆయన చేతిలో పెట్టారు. "ఇదీ మన ఊరిదే, అదీ మన ఊరిదే. రెండూ సమానం. రెండు కాళ్ళకీ తొడుక్కుని రాజోలు దాకా నడిచి రండి. వచ్చేక సర్దుతాను."

వీధంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆవిడకి అది నవ్వులాట కాదు. నాలాటివాళ్ళం నవ్వేసి ఇళ్ళలోకి పోయాం కానీ, ఆ సంచులు ఆవిడ అరుగు మీదే ఉండిపోయాయి. తర్వాత ఆవిడేం చేశారో నేను మా కిటికీలోంచి చూశాను. బిగువు వచ్చిన ప్రతి ముక్క చుట్టూ తన కొక్కెం సూదితో ఇంకో వరస అంచు అల్లి, దాన్ని ఎడమకాలితో సమానం చేసి, అప్పుడు కుట్టారు. ఊరికి పేరు పేరునా తిట్లు పెడుతూనే కుట్టారు. ఆ వరస ఆవిడదని ఎవరికీ తెలియదు. ఆ సరుకు తిరిగి రాలేదు. ఏజెంటు వచ్చి, "మన ఊరోళ్ళు భలే అల్లేరంటండీ" అని వీధిలో చెప్పి వెళ్ళాడు.

ఇక గుడి సంగతి. మా గుళ్ళో ఎవరు ఏ కానుక ఇచ్చినా ఆదివారం ఆరాధనలో పేర్లు చదువుతారు. సీలింగు ఫ్యానిచ్చినా చదువుతారు, చీపుళ్ళిచ్చినా చదువుతారు. ఒక ఏడాది స్త్రీల సమాజం వాళ్ళు ప్రభువు బల్ల మీదికి తెల్లటి లేసు గుడ్డ చేయించారు. ఇంటికో చదరం. అతకడం మామూలుగానే ఈవిడ. ఆదివారం నాడు చదరం ఇచ్చిన వాళ్ళ పేర్లన్నీ చదివారు. ఈవిడ పేరు లేదు. బయటికొచ్చాక సమాజం కార్యదర్శిగారిని నేనే అడిగాను. కార్యదర్శిగారిది గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే, అబద్ధం చెప్పడం రాని మనిషి. ఆశ్చర్యంగా చూసి, "ముక్క ఇచ్చినోళ్ళయి చదివేమండి. ఆవిడ ముక్క ఇవ్వలేదు కదండీ?" అంది.

పక్కనే ఉన్న పిన్నిగారు ఏమీ అనలేదు. చెప్పులు తొడుక్కుని నడిచి ఇంటికెళ్ళిపోయారు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు భయం వేసింది.

మళ్ళీ ఈస్టరు ముందు ఆ గుడ్డని ఎలుకలు కొట్టేశాయి. మళ్ళీ ఇంటికో చదరం అల్లారు. మళ్ళీ మూట తెచ్చి ఆవిడ అరుగు మీద పెట్టారు. "ఆయ్, అలాగేనండి. ఆదివారం పొద్దున్న నేనే పరిచేస్తాను" అన్నారు పిన్నిగారు మెత్తగా. కొస వదిలేరా అని అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం మేం వెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ తెల్లగా మెరుస్తోంది. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు. పేర్లు చదివారు. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క పైట సర్దుకుంది. ఎండ ముదిరిందని ఎవరో లేచి బల్ల పక్కనున్న స్టాండు ఫ్యాను వేశారు.

అంతే. చదరాలన్నీ లేచాయి. ఆవిడ ఒక్కటి కూడా అతకలేదు! అంచుకి అంచు ఆనించి, గీత కనపడకుండా పేర్చి పెట్టారు. కొన్ని హార్మోనియం మీద పడ్డాయి, కొన్ని పాటలు పాడే పిల్లల నెత్తుల మీద పడ్డాయి, ఒకటి అయ్యగారి తెల్లంగీకి అంటుకుపోయింది. ఆడవాళ్ళు బెంచీల్లోంచి లేచి, "అది నాదండీ", "కాదండీ, నాదిదీ" అంటూ ఎవరి ముక్క వెంట వాళ్ళు పరుగెత్తారు.

వెనక బెంచీలోంచి పిన్నిగారు లేచి నిలబడ్డారు.

"పేర్లన్నీ చదివేరు కదండీ అయ్యగారూ. ముక్కలూ అన్నీ ఉన్నాయి. గుడ్డేదండీ?"

కార్యదర్శిగారు చేతిలో తన చదరంతో ఎర్రబడిపోయి, "దేవుడి మందిరంలో ఇదేం పనండీ?" అంది.

"నేనేం పనీ చెయ్యలేదండీ. అదే కదా చెప్తున్నాను."

ఆ వారమంతా పిన్నిగారు ఇంట్లో దీక్షగా కూర్చుని అతికారు. మరుసటి ఆదివారం అయ్యగారు పేర్లన్నీ మళ్ళీ చదివి, "అలాగే, అతుకు పని కూడా..." అని మొదలుపెట్టారు. వెనక బెంచీలోంచి వెంటనే వచ్చింది, "కూడా ఏంటండీ?" అని. ఆ కుర్రాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి, ఈసారి ముందు ఆవిడ పేరు చదివి తర్వాత మిగతావి చదివారు. పోనీలే, తీరింది కదా అనుకున్నాను. దారిలో ఇంకా రుసరుసలే. "మొదటే ఎందుకు చదవాలమ్మా? ముక్కల్లేకుండా అతుకు ఎక్కణ్ణించొచ్చింది? అందరితో పాటు వరసలో చదవలేరా? అయితే కిందన తోసేస్తారు, లేకపోతే నెత్తినెక్కిస్తారు." నాకు ఆవిడ మీద ఎప్పుడూ లేనంత గౌరవం ఆ రోడ్డు మీద కలిగింది.

ఆవిడ పోయినప్పుడు పెట్టెని ఆ బల్ల ముందే పెట్టారు. బల్ల మీద ఆ గుడ్డే ఉంది. సాక్ష్యాలు చెప్పమంటే ముందు కార్యదర్శిగారే లేచింది. "ఆవిడ ఎంతో శాంతస్వభావులండి. ఒక మాట అని ఎరగరు. కోపమన్నదే తెలియని తల్లండి" అంది. ఆవిడ కూర్చుంటే ఇంకొకరు లేచారు. ఈవిడా అదే చెప్పింది. నోట్లో నాలుక లేని మనిషట! మూడో ఆవిడ, చిరునవ్వు తప్ప ఎరగరంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, నాకూ తెలుసు. కానీ ఆ మంచి ఎవరిది? ఆవిడది కాదే! ఊరికి ఎలాంటి మనిషి కావాలో అలాంటి మనిషిని పెట్టెలో పడుకోబెట్టి, ఆవిడకి మిగిలిన ఆ ఒక్క కోపాన్నీ అంచు కత్తిరించి అవతల పారేస్తున్నారు. చచ్చిపోయిన మనిషిని కూడా అతుకులో సర్దేస్తున్నారు. ఆవిడ లేచి అడగలేరు కాబట్టి నేను లేచాను.

"ఆవిడకి కోపం ఉందండి" అన్నాను. "చాలా ఉంది. మనందరి మీదా ఉంది. అది న్యాయమైన కోపమండి. జానెడు దారం అడిగేరు ఆవిడ జీవితమంతా. ఎవరిచ్చేం?"

గుడంతా బిగుసుకుపోయింది. అప్పుడు వెనకనించి ఎవరో ముసలావిడ, "గుడ్డేదండీ అంది, గుర్తుందా?" అని కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. ఆడవాళ్ళంతా నోటికి పైటలు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఆ పైటలతోనే కళ్ళు తుడుచుకున్నారు. పెట్టె దగ్గర అలా నవ్వడం మా ఊళ్ళో ఎప్పుడూ లేదు. అయ్యగారు మందలించలేదు.

అందరూ సమాధుల తోటకి బయల్దేరుతుంటే కార్యదర్శిగారు బల్ల దగ్గర ఆగిపోయి కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని, ఒంగి, గుడ్డ మూల మీద వేలితో తడుముతోంది.

"మూలనున్నది నాదండి. పక్కది ఎక్కడ మొదలైందో తెలవట్లేదు" అంది.

"తెలిస్తే ఆవిడ విప్పేసి మళ్ళీ కుట్టేవారండి" అన్నాను, ఇంకా మంట చల్లారక.

ఆవిడ వేలు తియ్యలేదు. "నేను కొస వదల్లేదు. ముడికి ఆనించి కోసేసేను. ఎలా కుట్టిందో ఏమో" అంది. ఇద్దరం కలిసి పెట్టె వెనకాల నడిచాం.

సోఫా చేతికి గుచ్చిన సూది మర్నాడు పీకాను. నా ముక్కలకి కొసలు జానెడు వదిలే ఉన్నాయి, ఆవిడ పుణ్యమా అని అదొకటి ఒంటబట్టింది. కానీ విప్పీ కుట్టీ విప్పీ కుట్టీ ఆ కొసలు చివికిపోయాయి. మీగడ రంగు ఊలు ఇంట్లో అయిపోయింది. ఉన్నది ఎరుపు. దానితోనే కుట్టాను. ముక్కల్ని తడిపి దిండు మీద పరిచి గుండుసూదులు గుచ్చాను, ఇటు రెండు కన్నాలు అటు ఒకటి తీశాను, ఆవిడని తలుచుకుంటూ ఆ వీడియో పిల్లని తిట్టాను. మడమ దగ్గర కుట్టు వంకర పోయింది. అయినా కాలికి ఎక్కుతుంది, ఎక్కాక జారదు.

పార్శిలు అందిన రోజు అమ్మాయి వీడియో కాల్ చేసింది. కాళ్ళకి తొడుక్కుని, ఫోను కిందికి దించి చూపించింది.

"మెత్తగా ఉన్నాయమ్మా. చలి తగలడం లేదు" అని, ఫోను ఇంకాస్త దగ్గరికి తెచ్చి, "చుట్టూ కుట్టు కనిపించిపోతోంది. నేను పంపిన వీడియోలో అసలు కనపడలేదు కదా?" అంది.

"వీడియోలో ఎవరూ కుట్టలేదే, అందుకని కనపడలేదు" అన్నాను. "ఇవి నేను కుట్టాను. కనపడనీ."